తామర పురుగు ఏ జాతిదో తిరువూరులోనే తేలాలి

తిరువూరు, గంపలగూడెం, ఎ.కొండూరు, విస్సన్నపేట మండలాల్లో మిర్చి వేసే రైతుకు ముడతల్లో తేడాలు బాగా తెలుసు. ఆకు అంచులు పైకి లేచి పడవ ఆకారంలో ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పని. ఆకు కిందికి తిరగబడి, కాడ సాగి, లేతాకు సన్నబడితే కింది ముడత, అది తెల్లనల్లి పని. మొక్క గిడసబారి, ఆకులు చిన్నవై ముద్దలా మారితే బొబ్బర తెగులు. ఆ వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. పేరుకు అన్నీ ముడతలే అయినా మూలం వేరు, మందు వేరు. నల్లికి ఎనిమిది కాళ్లుంటాయి, అది సాలీడుకు చుట్టం. తామర పురుగు మీద పనిచేసే చాలా మందులు దాన్ని ఏమీ చేయలేవు. ఈ తేడా తెలియక పోగొట్టుకున్న డబ్బుతో రైతులు నేర్చుకున్న విద్య ఇది. వ్యవసాయ విశ్వవిద్యాలయం పుస్తకాల్లోనూ పాఠం ఇదే తీరులో ఉంటుంది.

2021 చివరి నెలల్లో ఈ లెక్క తప్పింది.

ఆ ఏడాది మిర్చి పూత మీదికి రాగానే పువ్వుల్లో నల్లటి సన్నని పురుగులు గుంపులుగా కనబడ్డాయి. పువ్వును అరచేతిలో దులిపితే పదుల సంఖ్యలో రాలాయి. ఎప్పుడూ చూసే పై ముడత స్పష్టంగా కనబడలేదు. ఆకు అడుగున ఎర్రటి, గోధుమరంగు గీతలు వచ్చాయి, పైభాగం పసుపు తిరిగింది, పూత నిలవకుండా రాలిపోయింది, నిలిచిన కొద్ది కాయలూ గార పట్టి వంకర తిరిగాయి. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాలతో పాటు సరిహద్దు అవతల ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ జిల్లాల్లోనూ ఇదే కథ. తెలిసిన మందులన్నీ మార్చి మార్చి కొట్టారు. రెండు మూడు మందులు కలిపి కొట్టినవారున్నారు. చివరికి చేను పీకేసినవారు, ట్రాక్టరు పెట్టి దున్నేసినవారు ఎందరో. మిర్చి పోయి అప్పు మిగిలిన రైతుల ఆత్మహత్యలు ఆ చలికాలమంతా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి.

పొలంలో అందరూ దాన్ని నల్ల తామర పురుగు అన్నారు. శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు త్రిప్స్ పార్విస్పైనస్. థాయిలాండ్‌లో దొరికిన నమూనాల ఆధారంగా కార్నీ అనే శాస్త్రవేత్త 1922లోనే దాన్ని వర్ణించాడు. ఇండోనేషియాలో మిర్చి పంటకు అది పాత శత్రువు. మన దేశంలో దాని ఉనికిని కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్తలు బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించి, శరీర లక్షణాలూ డీఎన్ఏ ఆధారాలూ చూపిస్తూ 2015లోనే ప్రకటించారు. తర్వాత కర్ణాటకలోనే డాలియా పూల మీద కనబడింది. 2021 తొలి నెలల్లో అప్పటి గుంటూరు జిల్లా చిలకలూరిపేట, ప్రత్తిపాడు ప్రాంతాల మిర్చిలో దొరికింది. అదే ఏడాది చివర్లో రెండు రాష్ట్రాల మిర్చినీ ముంచేసింది.

ఈ తేదీల మధ్య ఉన్న ఖాళీ గురించే మాట్లాడుకోవాలి. పురుగు పేరు, ఊరు, లక్షణాలు అచ్చులో ఉన్నాయి. మిర్చికి అది చేటు చేస్తుందని ఇండోనేషియా అనుభవం ముందే చెప్పింది. దేశంలో అత్యధికంగా మిర్చి పండే నేల మనది. అయినా ఆ ఆరేళ్లలో ఈ పురుగు కోసం మన మిర్చి పొలాల్లో వెతికే కళ్లు లేకపోయాయి. చిలకలూరిపేట దగ్గర దొరికాకైనా, తర్వాతి పంటకు నారు పోసే వేళకు, ఇలాంటి పురుగు కనబడితే చెప్పండి అన్న కబురు తిరువూరు మారుమూల తండాలకు చేరి ఉండాల్సింది. పురుగును గుర్తించడం ప్రయోగశాలలో కూర్చుని చేసే పని అనీ, పంటను కాపాడటం వేరే పని అనీ అనుకోవడం వల్ల వచ్చిన నష్టం ఇది.

తామర పురుగుల ప్రపంచం చిన్నదేమీ కాదు. ఇప్పటివరకు 6 వేలకు పైగా జాతులను శాస్త్రవేత్తలు వర్ణించారు. లిన్నేయస్ 1758లో వీటిని లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆయనకు తెలిసినవి నాలుగే. 1836లో హాలిడే వీటన్నిటినీ థైసనాప్టెరా అనే ప్రత్యేక క్రమంగా నిలబెట్టాడు. సన్నని రెక్కలు, రెక్కల అంచున పొడవాటి వెంట్రుకల కుచ్చు వీటికి గుర్తు. నోటి దగ్గర మరో వింత ఉంది. కుడి దవడ ఎదగదు, ఎడమ దవడ ఒక్కటే మేకులా పనిచేస్తుంది. దానితో కణానికి బెజ్జం పెట్టి లోపలి రసం పీలుస్తుంది. ఆకు మీద వెండి మెరుపు, తర్వాత గోధుమరంగు మచ్చ వచ్చేది ఇందుకే.

ఈ క్రమంలో రెండు ఉపక్రమాలున్నాయి. టెరిబ్రాన్షియా ఆడ పురుగుకు పొట్ట చివర రంపం లాంటి అవయవం ఉంటుంది. దానితో ఆకు కండను కోసి గుడ్డును లోపల దాచేస్తుంది. మిర్చి, పత్తి, ఉల్లి, మామిడి పంటలకు చేటు చేసే ప్రధాన జాతులన్నీ ఈ కొమ్మవే. ట్యూబులిఫెరా రకానికి పొట్ట చివర గొట్టం ఉంటుంది, గుడ్లు ఆకు మీదే పెడుతుంది. బూజు తిని బతికే తామర పురుగుల్లో ఎక్కువ భాగం ఈ రెండో కొమ్మకు చెందినవే. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన జె.ఎస్. భట్టి 1988లో ఈ రెండింటినీ వేర్వేరు క్రమాలుగా విడదీయాలని వాదించారు. చాలామంది నిపుణులు దానికి ఒప్పుకోలేదు గానీ, ఒక భారతీయుడు ప్రపంచ వర్గీకరణనే ప్రశ్నించేంత లోతైన పని ఈ దేశంలో జరిగిందని చెప్పడానికి ఆ వాదన ఒక్కటి చాలు. మద్రాసు లయోలా కళాశాలలో టి.ఎన్. అనంతకృష్ణన్ తామర పురుగుల అధ్యయనానికి ఒక పెద్ద బడినే నిర్మించారు. భారత జంతు సర్వేక్షణ సంస్థకు ఆయన డైరెక్టరుగా కూడా పనిచేశారు. ఇంత సంపద ఉన్న దేశంలో, ఒక మిర్చి రైతు తన చేలోని పురుగు పేరు తెలుసుకోవడానికి దారి లేకపోవడం బాధ కలిగిస్తుంది.

నల్లగా కనబడుతోంది కదా, పోల్చుకోవడానికి ఇంకేం కావాలి అనే ప్రశ్న సహజం. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. త్రిప్స్ పార్విస్పైనస్‌లో ముదురు రంగులో ఉండేది ఆడదే. మగది చిన్నగా, పసుపు రంగులో ఉంటుంది. పిల్ల పురుగులూ పసుపు ఛాయలోనే ఉంటాయి. అంటే నల్ల తామర పురుగు పట్టిన చేలోనే సగం పురుగులు పచ్చగా కనబడవచ్చు. ఉల్లిని తినే త్రిప్స్ టబాసి చలికి ముదురు రంగు తేలుతుంది, ఎండకు లేత రంగులో ఉంటుంది. ఫ్రాంక్లినియెల్లా షుల్ట్జీలో లేత రకం, ముదురు రకం రెండూ ఉన్నాయి. మరోవైపు, గడ్డి పూలలోనూ పంట పూలలోనూ తరచుగా తిరిగే హాప్లోత్రిప్స్ నిజంగానే నల్లనిది, కానీ అది ట్యూబులిఫెరా కొమ్మకు చెందినది. దానిలో కొన్ని జాతులు ఇతర చిన్న పురుగులను తినేవి కూడా. నల్లదాన్ని చూడగానే మందు కలిపే రైతు, మేలు చేసే పురుగును చంపుకుంటున్నాడేమో చెప్పేవారు లేరు. రెక్కల మీద చుక్కలుండే స్కోలోత్రిప్స్ అనే తామర పురుగు నల్లిని తిని బతుకుతుంది. తామర పురుగులన్నీ శత్రువులు కావు. చేటు చేసేవి 6 వేలలో చిన్న వాటానే.

జాతిని తేల్చేది రంగు కాదు, సూక్ష్మదర్శిని కింద కనబడే నిర్మాణం. పురుగు పొడవు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. దాన్ని ఆల్కహాలులో భద్రపరిచి, లోపలి పదార్థం కరిగించి, రెక్కలూ కాళ్లూ మీసాలూ విప్పి గాజు పలక మీద అమర్చాలి. అప్పుడు మీసాలకు ఎన్ని ముక్కలున్నాయో లెక్కించాలి. మిర్చిలో పై ముడత తెచ్చే సిర్టోత్రిప్స్ డోర్సాలిస్‌కు ఎనిమిది, త్రిప్స్ పార్విస్పైనస్‌కు ఏడు. తల మీద మూడు చిరుకళ్లు త్రికోణంలో ఉంటాయి. వాటి దగ్గరి వెంట్రుకల జత ఆ త్రికోణం లోపల మొలిచిందా, బయట మొలిచిందా చూడాలి. ముందు రెక్క ఈనె మీది వెంట్రుకలు వరుసగా ఉన్నాయా, మధ్యలో ఖాళీ ఉందా చూడాలి. పొట్ట ఎనిమిదో ఖండం మీది సన్నని దువ్వెన పళ్లు శ్వాసరంధ్రానికి ముందున్నాయా, వెనకున్నాయా అన్నదాన్ని బట్టి త్రిప్స్, ఫ్రాంక్లినియెల్లా ప్రజాతులు విడిపోతాయి. డోర్సాలిస్ పొట్ట మీద వరుసగా ముదురు మచ్చలుంటాయి. ఇదంతా చేయి తిరిగినవారికి గంటల పని, కొత్తవారికి నెలల సాధన. పిల్ల పురుగుల విషయంలో ఈ లక్షణాలు కూడా చాలవు, డీఎన్ఏ పరీక్ష కావాలి.

పరిచయమైన పురుగు విషయంలోనూ కథ ముగిసిపోలేదు. సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ పుట్టిల్లు దక్షిణ భారతమే అనుకోవచ్చు. కోయంబత్తూరు నుంచి వెళ్లిన నమూనాలతో అమెరికా శాస్త్రవేత్త హుడ్ 1919లో దానికి పేరు పెట్టాడు. వందేళ్లుగా మిర్చి రైతు పోరాడుతున్నది ఈ పురుగుతోనే. అయితే ఈ పేరు కింద ఒక్క జాతి కాక, చూపుకు ఒకేలా ఉండే కనీసం తొమ్మిది జాతులు దాగి ఉన్నాయని 2015లో వెలువడిన అంతర్జాతీయ డీఎన్ఏ అధ్యయనం తేల్చింది. వాటిలో ఏది ఏ పంటను ఇష్టపడుతుంది, ఏది ఏ మందుకు లొంగుతుంది అన్నది విడివిడిగా చూడాల్సిందే. తిరువూరు మిర్చి మీదున్న డోర్సాలిస్, పక్కనే మామిడి పూత మీదున్న డోర్సాలిస్ ఒకటేనా అన్న ప్రశ్నకు పొలంలో నిలబడి ఎవరూ జవాబు చెప్పలేరు.

పురుగు పేరు తప్పితే ఏమవుతుందో తెలుగు నేల ఇదివరకే చూసింది. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెగులు రైతులను పీడిస్తుండగా, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1970ల చివర్లో దానికి కారణం టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ అనుకున్నారు. దాన్ని మోసేవి ఫ్రాంక్లినియెల్లా షుల్ట్జీ, సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ అని 1981లో ప్రచురించారు. తర్వాత వర్గీకరణ నిపుణులు కూడా చేతులు కలిపి పురుగులను మళ్లీ నిశితంగా పరిశీలించాక, అసలు వాహకం త్రిప్స్ పామీ అని 1990లో తేలింది. 1992 నాటికి వైరస్ కూడా వేరేదని, అది వేరుశనగ మొవ్వుకుళ్లు వైరస్ అని స్థిరపడింది. ఒక తెగులు విషయంలో పురుగు పేరు, వైరస్ పేరు రెండూ సరిపడటానికి దశాబ్దం పైగా పట్టింది. ఇక్రిశాట్ వంటి సంస్థ అక్కడే ఉంది కాబట్టి అదైనా జరిగింది. తమ ఫలితాన్ని తామే మళ్లీ పరీక్షకు పెట్టుకున్న ఆ శాస్త్రవేత్తల నిజాయితీని మెచ్చుకోవాలి.

పేరు మారితే రైతుకేమిటి అంటే, చాలానే ఉంది. మొవ్వుకుళ్లు వైరస్ కుటుంబానికి చెందిన వైరస్‌లను తామర పురుగు పిల్ల దశలోనే అంటించుకుంటుంది. పెద్దదయ్యాక తెగులు మొక్క మీద ఎంత తిన్నా వైరస్‌ను మోయలేదు. పిల్లగా అంటించుకున్నది మాత్రం రెక్కలొచ్చాక బతికినన్నాళ్లూ పంచుతూ తిరుగుతుంది. అందువల్ల వాహకమైన జాతి ఏ మొక్కల మీద పిల్లలు పెడుతుందో తెలిస్తేనే తెగులు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. జాతి తప్పితే చెట్టూ తప్పుతుంది, కాలమూ తప్పుతుంది, కొట్టిన మందు వృథా అవుతుంది. పెసర, మినుము, టమాటా, మిర్చి పంటల్లోనూ మొవ్వుకుళ్లు వస్తుంది కాబట్టి ఈ పాఠం తిరువూరుకు కూడా వర్తిస్తుంది.

అనంతపురం 2000 సంవత్సరపు అనుభవం ఇంకా పెద్దది. ఆ ఏడాది వేరుశనగ చేలు కాండం నల్లబడి ఎండిపోయాయి. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో తెగులు పాకింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. మొదట అది మొవ్వుకుళ్లే అనుకున్నారు. పరీక్షల్లో పొగాకు స్ట్రీక్ వైరస్ అని బయటపడింది. దీని దారి పూర్తిగా వేరు. గట్ల మీద, బీడులో పెరిగే వయ్యారిభామ మొక్క ఈ వైరస్‌ను పైకి ఏ లక్షణమూ చూపకుండా తనలో ఉంచుకుంటుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుంటుంది. అవి వేరుశనగ ఆకును గీరినప్పుడు, గాయం గుండా పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి చేరుతుంది. ఈ సంగతి తెలిశాక నివారణ మారిపోయింది. చేను చుట్టూ వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి, గట్ల వెంట జొన్న, సజ్జ వరుసలు అడ్డంగా వేయాలి, విత్తనశుద్ధి చేయాలి అని చెప్పగలిగారు. మొవ్వుకుళ్లు అనుకుని ఊరుకుని ఉంటే వయ్యారిభామ జోలికి ఎవరూ పోయేవారు కాదు.

సరైన పేరు తెలిస్తే జరిగే మేలుకు దక్షిణాదిలోనే ఇంకో సాక్ష్యం ఉంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను తెల్లటి పిండినల్లి కప్పేసింది. మందులు పనిచేయలేదు. అది మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన పారాకోకస్ మార్జినేటస్ అని కచ్చితంగా గుర్తించాక, దాని మీదే బతికే చిన్న కందిరీగను 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలారు. కొద్ది నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. పిండినల్లుల్లో బోలెడు జాతులున్నాయి. పేరు తప్పితే ఆ కందిరీగ వచ్చేదే కాదు.

తిరువూరు విషయానికి వస్తే, ఇక్కడి నేలలో మిర్చి ఒక్కటే లేదు. మామిడి, పత్తి, మొక్కజొన్న, వరి, ఆయిల్‌పామ్ పక్కపక్కనే ఉంటాయి. నూజివీడు మామిడి సీమ ఒకవైపు, ఖమ్మం మిర్చి సీమ ఇంకోవైపు. ఒక పంటలో మేత అయిపోతే తామర పురుగు రెక్క విదిలిస్తే చాలు, గాలే ఇంకో పంటకు చేరుస్తుంది. మామిడి పూత మీద, పిందె మీద తామర పురుగులు గీరితే కాయకు మంగు పడుతుంది. లోపలి గుజ్జు బాగానే ఉన్నా మంగు కాయకు నున్న మార్కెట్లో ధర పలకదు, ఎగుమతికి పనికిరాదు. మామిడి మీద చేరే తామర పురుగులు డోర్సాలిస్, పామీ, హవాయియెన్సిస్ సహా చాలా రకాలు. పూత మీద తిరిగే వాటిలో ఏది పిందెను గీరుతోంది, ఏది పుప్పొడి తిని వెళ్లిపోతోంది అన్నది విడదీయకుండా పూత మీద మందు కొడితే, పరాగసంపర్కం చేసే ఈగలూ తేనెటీగలూ కూడా పోతాయి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. మామిడి రైతు అనుమానంగా చూసే ఈ త్రిప్స్ హవాయియెన్సిస్సే ఒకప్పుడు మలేషియా ఆయిల్‌పామ్ తోటల్లో పరాగసంపర్కానికి దిక్కు. 1981లో కామెరూన్ నుంచి ముక్కు పురుగును తెచ్చి వదిలేదాకా అక్కడి గెలలు కాయ కట్టడంలో ఈ తామర పురుగుదే పెద్ద పాత్ర. ఒకే జాతి ఒక తోటలో మేలు, ఇంకో తోటలో కీడు. తిరువూరు దారుల్లో ఆయిల్‌పామ్, మామిడి పక్కపక్కనే కనబడతాయి కనుక ఇది ఇక్కడివారికి ఊరికే చెప్పే విశేషం కాదు.

మరి రైతు ఇప్పుడేం చేస్తున్నాడు? ఓ నాలుగు ఆకులు, కొన్ని పువ్వులు తుంచి పురుగు మందుల కొట్టుకు తీసుకెళ్తాడు. దారిలోనే పురుగు ఎగిరిపోతుంది. కొట్టులో ఉన్నాయన ఆకు చూసి మందు ఇస్తాడు. అలాంటివారిలో అనుభవం ఉన్నవారూ ఉన్నారు, రైతు మేలు కోరేవారూ ఉన్నారు. కానీ ఆకు చూసి జాతి చెప్పే విద్య ఎవరికీ లేదు, పైగా మందు అమ్మడమే ఆయన జీవనాధారం. ఒకే వ్యక్తి రోగ నిర్ధారణా చేసి, మందూ అమ్మితే రోగికి ఎంత ఇబ్బందో పంటకూ అంతే.

పైమందుకు తామర పురుగు ఎందుకు లొంగదో దాని జీవితమే చెబుతుంది. గుడ్డు ఆకు కండలో ఉంటుంది, మందు తగలదు. రెండు పిల్ల దశలు ఆకు అడుగున, మొగ్గల్లో గడుస్తాయి. తర్వాత చాలా జాతుల పురుగులు నేలలోకి దిగి నిద్రావస్థలో ఉంటాయి, అక్కడా మందు చేరదు. పెద్ద పురుగు పువ్వు లోతుల్లో దాక్కుంటుంది. చాలా జాతుల్లో ఆడ పురుగు మగ తోడు లేకుండానే గుడ్లు పెట్టగలదు, వాటి నుంచి మగ పురుగులే వస్తాయి. ఆ మగవాటిలో ప్రతి జన్యువుకూ ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి మందును తట్టుకునే గుణం ఉంటే వెంటనే బయటపడి, తర్వాతి తరాలకు త్వరగా పాకుతుంది. ఇలాంటి పురుగు మీద గుడ్డిగా ఒకే రకం మందును పదేపదే కొట్టడమంటే, తట్టుకునేవాటిని ఏరి పెంచడమే. సింథటిక్ పైరిత్రాయిడ్లను విచ్చలవిడిగా వాడొద్దని, నీలి జిగురు అట్టలు పెట్టాలని, వేపనూనె, బవేరియా వంటివి కలుపుకొని సమగ్రంగా పోవాలని శాస్త్రవేత్తలు నల్ల తామర పురుగు వచ్చిన నాటి నుంచి చెబుతున్నారు. ఆ సలహా సరైనదే. అయితే తన చేలో ఉన్నది ఏ పురుగో తేలని రైతు, సలహాను నమ్మే ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు?

ప్రభుత్వం నియోజకవర్గ స్థాయిలో వ్యవసాయ పరీక్షా కేంద్రాలు పెట్టింది. విత్తనం మొలక శాతం, ఎరువులో పోషకాలు, పురుగు మందు నాణ్యత అక్కడ పరీక్షిస్తారు. మంచి పని. మందు అసలుదా నకిలీదా చూసే ఏర్పాటు ఉన్నచోట, అది ఏ పురుగు మీద కొడుతున్నారో చూసే ఏర్పాటు లేకపోవడం వెలితి. అసలు మందునే తప్పు పురుగు మీద కొడితే నకిలీ మందుతో సమానం. గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది, గుంటూరు లాంలో మిర్చి మీద దశాబ్దాల అనుభవం ఉన్న శాస్త్రవేత్తలున్నారు. సరిహద్దు అవతల వైరాలో ఇంకో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. జాతీయ స్థాయిలో బెంగళూరులోని వ్యవసాయ కీటక వనరుల బ్యూరో, కోల్‌కతాలోని జంతు సర్వేక్షణ సంస్థ ఉన్నాయి. చేలోని పువ్వు నుంచి ఈ సంస్థల సూక్ష్మదర్శిని దాకా ఒక దారి వేయడమే మిగిలింది.

ఆ దారి తిరువూరు నుంచి మొదలు కావాలి. పట్టణం జాతీయ రహదారి మీద, రెండు రాష్ట్రాల మిర్చి కలిసే చోట ఉంది. ఇక్కడ మంచి సూక్ష్మదర్శిని, గాజు పలకల సామగ్రి, తామర పురుగులను విడదీయడంలో శిక్షణ పొందిన ఒక కీటక శాస్త్రవేత్త, ఒక సహాయకుడు ఉంటే మొదటి జల్లెడ ఇక్కడే పూర్తవుతుంది. మిర్చి మీద మామూలుగా దొరికే అరడజను జాతులను వేరుచేయడం శిక్షణతో సాధ్యమే. సందేహం ఉన్నవి, కొత్తగా తోచినవి, పిల్ల దశలోనివి మాత్రమే డీఎన్ఏ పరీక్షకు బెంగళూరుకో కోల్‌కతాకో వెళ్లాలి. ప్రతి రైతు సేవా కేంద్రంలో చిన్న ఆల్కహాలు సీసాలు, భూతద్దం, తెల్ల కాగితం ఉంచాలి. వాటికయ్యే ఖర్చు ఒక ఊరు ఒక్క రోజు కొట్టే మందు ఖరీదుకు కూడా రాదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు రెండు. పురుగు చేను తినేస్తుంటే ఫలితం కోసం ఎదురుచూడగలమా అన్నది మొదటిది, న్యాయమైనది కూడా. అందుకే మొదటి జల్లెడ దగ్గరలో ఉండాలి, ఒకటి రెండు రోజుల్లో మాట చెప్పాలి. ప్రతి రైతూ నమూనా పంపనక్కర్లేదు. ఊరికి రెండు మూడు చేలు ఎంచుకుని వారం వారం చూస్తే ఆ ప్రాంతానికంతటికీ సరిపోతుంది. ఫోన్‌తో ఫొటో తీసి యాప్‌లో పెడితే చాలదా అన్నది రెండోది. కత్తెర పురుగుకు చాలుతుందేమో. ఒక మిల్లీమీటరు పురుగు మీది వెంట్రుక ఎక్కడ మొలిచిందో ఫోన్ కెమెరాకు అందదు. జిగురు అట్టకు అంటుకున్న పురుగు కూడా పలక మీద అమర్చడానికి పనికిరాకుండా చెడిపోతుంది. గుంపు ఎంతుందో లెక్కపెట్టడానికే అట్ట పనికొస్తుంది.

అసలైన ఇబ్బంది మనుషులది. వర్గీకరణ శాస్త్రం చదివితే ఉద్యోగం రాదన్న భయంతో పిల్లలు ఆ వైపు చూడటం లేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తామర పురుగులు, నల్లులు, పిండినల్లులు, తెల్లదోమల వర్గీకరణకు ప్రత్యేక పోస్టులు పెట్టాలి. ఒక పురుగు జాతిని గుర్తించడం చిన్న పని అనే చూపు పోవాలి. 2015లో ఆ పని చేసిన జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్తలు మన మిర్చికి ఆరేళ్ల ముందస్తు హెచ్చరిక ఇచ్చారు. దాన్ని అందుకునే చేయి ఇటువైపు లేకపోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాఖలు ఈ విషయంలో నమూనాలు, ఫలితాలు పంచుకోవాలి. గంపలగూడెంలో పూత మీద దొరికినది పెనుబల్లికీ మధిరకూ అదే వారం తెలియాలి.

రైతులు కూడా ఈ పంట నుంచే ఒక అలవాటు చేసుకోవచ్చు. మందు కొట్టాక తీసిన నమూనా ఎందుకూ పనికిరాదు, కొట్టకముందే తీయాలి. ఉదయం పూట చేను నాలుగు మూలలా, మధ్యలో, కొన్ని పువ్వులూ లేత కొమ్మల చివళ్లూ తెల్ల కాగితం మీద దులపాలి. రాలిన పురుగులను తడి కుంచెతో ఎత్తి ఆల్కహాలు సీసాలో వేయాలి. నల్లవాటితో పాటు పచ్చవాటినీ వేయాలి, ఎందుకంటే పచ్చవి దాని మగవో పిల్లలో, లేక వేరే జాతో అన్నది తేల్చాల్సింది శాస్త్రవేత్త. ఊరు, పంట, రకం, పువ్వు మీద దొరికిందా ఆకు మీద దొరికిందా, తేదీ, అంతకుముందు కొట్టిన మందు పేరు పెన్సిలుతో చీటీ మీద రాసి సీసాలో వేయాలి, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. ఆ సీసాను రైతు సేవా కేంద్రంలో ఇచ్చి, ఇది ఏ పురుగు అని అడగాలి. ఇన్ని ఊళ్ల నుంచి ఇన్ని సీసాలు చేరాక, వాటిని చూసే మనిషిని తిరువూరుకు ఇవ్వకుండా వ్యవసాయ, ఉద్యాన శాఖలు ఎంతోకాలం ఉండలేవు. వచ్చే మిర్చి పూతకు ముందే ఆ నియామకం జరగాలి.